హెచ్-1బి ఉద్యోగులు: యజమాని మార్పు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో హెచ్-1బి అనుమతిపై పనిచేయుచున్న విదేశీయుడు ఒక యజమాని కొలువు విడిచి మరియొక యజమాని కొలువులో చేరుటకు ఆ దేశపు వలస చట్టము ఏర్పరచిన విధానము తెలుగు కుటుంబములలో "హెచ్‌వన్ ట్రాన్స్‌ఫర్" అను పేర సుపరిచితము. ఈ విధానమున పాత అనుమతి కొత్త యజమాని చేతికి మారదు. కొత్త యజమాని తన పేర, తాను ఇవ్వదలచిన ఉద్యోగమునకై, వేరుగా ఒక అర్జీ దాఖలు చేయవలెను. ఆ అర్జీ ప్రభుత్వమునకు చేరిన నాటినుండియే, తీర్పు వెలువడకమునుపే, ఉద్యోగి కొత్త చోట పనిలో ప్రవేశింపవచ్చును. ఆరు సంవత్సరముల పరిమితి, ఏటేటి సంఖ్యా నియమము, వేతన హామీ, గ్రీన్ కార్డు నిరీక్షణము మొదలగు అనేక నిబంధనలు ఈ ఒక్క హక్కు చుట్టును అల్లుకొని యున్నవి. ఆమోదము పొందు హెచ్-1బి అర్జీలలో నూటికి 70కి పైగా భారతదేశమున జన్మించిన వారివే యగుటచేతను, వారిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు పెద్ద సంఖ్యలో నుండుటచేతను, ఈ శాసన విషయము వేలకొలది తెలుగిండ్ల జీవనముతో ముడివడి యున్నది.

చారిత్రక పూర్వరంగము

1952 నాటి వలస, జాతీయతా చట్టము తాత్కాలికముగా పనికి వచ్చు విదేశీయులకై "హెచ్" అను తరగతిని కల్పించి, విశిష్ట యోగ్యతయు సామర్థ్యమును గలవారిని అందలి మొదటి విభాగమున చేర్చెను. 1990 నవంబరు 29వ తేదీన అధ్యక్షుడు జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ సంతకము చేసిన వలస చట్టము ఆ విభాగమును సంస్కరించి హెచ్-1బిని ఏర్పరచెను. ఒకానొక ప్రత్యేక శాస్త్రమున పట్టభద్రతగాని, దానికి తుల్యమైన విద్యగాని కనీసార్హతగా గల వృత్తులకే ఈ అనుమతి వర్తించుననియు, ఒక పర్యాయమునకు మూడేండ్లవరకు, మొత్తముమీద ఆరేండ్లవరకు మాత్రమే యుండుననియు, ఏటికి 65,000 మందికి మించి కొత్తగా నీయరాదనియు, యజమాని వేతనమునుగూర్చి కార్మిక శాఖకు ముందుగా హామీ నీయవలెననియు నిర్ణయములు జరిగెను.

ఆ దశాబ్దపు చివరి భాగమున, కంప్యూటరు ప్రోగ్రాములలో 2000వ సంవత్సరపు తేదీవలన కలుగనున్న చిక్కును సరిదిద్దు పని పెరిగి, హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రములలో పాఠములు నేర్చిన యువకులు కన్సల్టెన్సీల ద్వారా అమెరికాకు తరలిరి. నాటి నియమముల ప్రకారము యజమానిని మార్చదలచినవాడు కొత్త అర్జీ మంజూరగువరకు కొత్త చోట కాలు మోపరాదు. మంజూరు నెలల తరబడి పట్టుచుండెను. ఈలోపల పాత యజమానికి సంగతి తెలిసి అతడు తొలగించినచో, ఉద్యోగి దేశమున నుండు హక్కే ప్రశ్నార్థకమగుచుండెను. వేతనము తక్కువయైనను, పని లేని కాలమున జీతము నిలిపివేసినను, నోరు మెదపక యుండుటయే క్షేమమని పలువురు తలచుటకు ఈ నియమమే కారణము. జీతము లేక ఉద్యోగిని ఖాళీగా కూర్చుండబెట్టుటను, అనగా "బెంచ్" పద్ధతిని, 1998 నాటి చట్టము నిషేధించినను, విడిచి వెళ్లు మార్గము తెరువనంతకాలము ఆ నిషేధమునకు పూర్తి బలము చేకూరలేదు.

2000 నాటి చట్టము

2000 అక్టోబరు 17వ తేదీన అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆమోదించిన చట్టము, క్లుప్తముగా ఎ.సి.21 అని పిలువబడునది, ఏటేటి పరిమితిని మూడేండ్లపాటు 1,95,000కు పెంచెను. ఆ పెంపు 2003తో ముగిసినది. కాని అందలి 105వ సెక్షను నేటికిని నిలిచియున్నది. యజమాని మార్పు హక్కునకు పుట్టినిల్లు అదియే. ఆ సెక్షను ప్రకారము ఉద్యోగి మూడు షరతులను నెరవేర్చవలెను. ఆతడు చట్టసమ్మతముగా దేశమున ప్రవేశించి యుండవలెను. తనకు అనుమతింపబడిన నివాసకాలము గడువకమునుపే, నిరాధారము కాని కొత్త అర్జీ దాఖలు కావలెను. ప్రవేశించిన పిమ్మట అనుమతి లేని పని యేదియు చేసి యుండరాదు. ఈ మూడును కుదిరినచో అర్జీ చేరిన క్షణమునుండి అతనికి కొత్త చోట పనిచేయు అధికారము కలుగును. అర్జీ తిరస్కృతమైనచో ఆ అధికారము అంతటితో ఆగిపోవును. అట్టి సందర్భమున పాత యజమాని పేరనున్న అనుమతి ఇంకను చెల్లుబాటులో నుండి, అతడు తిరిగి చేర్చుకొన సమ్మతించినచో, ఉద్యోగి అచ్చటికి మరలవచ్చును.

ఏటేటి పరిమితి నేడు 65,000గాను, అమెరికా విశ్వవిద్యాలయములలో మాస్టర్స్ పట్టము పొందినవారికి 2004 నాటి చట్టము అదనముగా నిచ్చిన 20,000గాను ఉన్నది. ఒకసారి ఈ లెక్కలో చేరినవాడు యజమానిని మార్చునపుడు, దరఖాస్తులు పరిమితిని మించినందున జరుగు లాటరీలో మరల నిలువనక్కరలేదు. విశ్వవిద్యాలయములు, వాటి అనుబంధ లాభాపేక్ష లేని సంస్థలు, ప్రభుత్వ పరిశోధన సంస్థలు మొదలగువానికి ఈ పరిమితి వర్తింపదు; కావున అట్టి చోటినుండి సామాన్యమైన కంపెనీకి రాదలచినవాడు, పూర్వమెన్నడును లెక్కలో చేరనివాడైనచో, తక్కినవారివలెనే లాటరీకి లోబడవలెను.

అర్జీ నడచు విధము

యజమాని మొదట కార్మిక శాఖకు ఎల్.సి.ఎ. అని వ్యవహరింపబడు వేతన హామీపత్రమును సమర్పింపవలెను. ఆ ప్రాంతమున ఆ వృత్తికి ప్రచలితమైన వేతనము, తన సంస్థలో అట్టి పనివారికి నిజముగా నిచ్చుచున్న వేతనము, ఈ రెండింటిలో ఏది అధికమో దానికి తగ్గకుండ ఇత్తునని అతడు అందు ప్రమాణము చేయును. ప్రచలిత వేతనము పని యొక్క కాఠిన్యమునుబట్టియు, అనుభవమునుబట్టియు నాలుగు మెట్లుగా విభజింపబడి యుండును. పనిచోట సమ్మెగాని లాకౌటుగాని లేదనియు, విదేశీయుని రాకవలన తక్కినవారి పని పరిస్థితులు చెడవనియు కూడ అతడు హామీ నీయవలెను. ఈ సంగతిని తెలుపు ప్రకటనను పనిచోట ఎల్లరకును కనబడునట్లు రెండు తావులందు 10 దినములపాటు అంటించుటగాని, కంప్యూటరు ద్వారా తెలుపుటగాని చేయవలెను. కార్మిక శాఖ ఏడు పనిదినములలో ఈ పత్రమును ధ్రువపరచును. ఉద్యోగి పనిలో చేరు దినమునకు మించి ఆలస్యము కాకుండ దాని ప్రతిని అతని చేతికీయవలెనను నియమము కలదు. తన పని పేరు, పనిచోటు, వేతనము అందు ఎట్లు వ్రాయబడినవో చూచుకొను అవకాశమును ఈ ప్రతియే కలిగించును. అడిగి పుచ్చుకొనవలసిన కాగితములలో ఇది మొదటిది.

పిమ్మట ఐ-129 అను ఫారముతో అర్జీ పౌరసత్వ, వలస సేవల సంస్థకు చేరును. ఉద్యోగి పట్టాలు, వాని తుల్యతను నిరూపించు నివేదిక, కొత్త ఉద్యోగపు వివరణము, పూర్వపు మంజూరు పత్రములు, ఇటీవలి పే స్టబ్‌లు, వార్షిక వేతనమును తెలుపు డబ్ల్యు-2 మొదలగునవి దానికి జతచేయుదురు. వీనిలో పే స్టబ్ పరిమాణమున చిన్నదైనను ప్రయోజనమున పెద్దది. జీతపు తేదీలు, పనిచేసిన గంటలు, పన్నుల కోతలు వరుసగా నున్నచో, ఉద్యోగి నేటివరకు తన అనుమతికి అనుగుణముగా పనిచేయుచున్నాడని అది నిరూపించును. నడుమ రెండు మూడు నెలల స్టబ్‌లు లోపించినచో ఆ కాలమున ఏమి జరిగెనను ప్రశ్న తప్పక వచ్చును.

అర్జీ చేరినంతనే సంస్థ ఐ-797సి అను రశీదును పంపును. మూడు అక్షరములు, వాని వెనుక పది అంకెలు గల సంఖ్య ఆ రశీదు తలపై నుండును. అర్జీ స్థితిని తెలిసికొనుటకు అదియే ఆధారము. ప్రీమియము రుసుము అదనముగా చెల్లించినచో 15 పనిదినములలో సంస్థ ఏదో యొక చర్య తీసికొనును. ఆ చర్య మంజూరు కావచ్చును, తిరస్కారము కావచ్చును, లేదా మరిన్ని సాక్ష్యములు కోరు ఆర్.ఎఫ్.ఇ. యైనను కావచ్చును. మంజూరైన అర్జీకి ఐ-797ఎ అను పత్రము వచ్చును. దాని దిగువ భాగమున చించి దాచుకొనుటకు వీలుగా కొత్త ఐ-94 ముద్రింపబడి యుండును. దేశమున ఎంతవరకు నుండవచ్చునో ఆ చిన్న చీటిలోని తేదీయే నిర్ణయించును. పాస్‌పోర్టులోని వీసా ముద్రపై నున్న తేదీని చూచి ఇంకను గడువున్నదని భ్రమపడువారు ఈ భేదమును గుర్తింపవలెను.

రశీదుతో పనిలో చేరుట చట్టసమ్మతమే. అయినను తిరస్కారమునకు ఆస్పదమున్న అర్జీలలో, మంజూరు చేతికి వచ్చినపిమ్మటనే పాత కొలువునకు రాజీనామా నిచ్చుట వివేకమని న్యాయవాదులు చెప్పుచుందురు. ప్రీమియము మార్గము ఉన్నందున ఈ నిరీక్షణము చాలమందికి కొలది వారములకు మించదు. కుటుంబమును, ఇంటి అప్పును భుజముపై మోయుచున్న వానికి ఆ కొలది వారముల ఓర్పు ఎంతటి రక్షయో వేరుగా చెప్పనక్కరలేదు.

అర్జీ ఖర్చులలో ప్రధానమైనవి యజమాని భరింపవలసినవే. శిక్షణ నిధికై చెల్లించు రుసుమును, 25 మందికి మించిన ఉద్యోగులున్న సంస్థకు 1,500 డాలర్లు, 25గాని అంతకు తక్కువగాని యున్న సంస్థకు 750 డాలర్లు, ఉద్యోగి జీతమునుండి రాబట్టుటను చట్టము నిషేధించినది. కాలము పూర్తికాకమునుపే విడిచిపోయినందుకు జరిమానా విధించుటయు నిషిద్ధమే.

మూడవ చోట పని: కన్సల్టెన్సీల సమస్య

తెలుగు ఉద్యోగులలో పలువురు తమకు జీతమిచ్చు సంస్థలో కూర్చుండి పనిచేయరు. వారి యజమాని ఒకరు, నడుమ నుండు వెండరు మరొకరు, పని జరుగు క్లయింటు వేరొకరు. ఇట్టి గొలుసులో యజమాని ఎవరు, ఉద్యోగము నిజముగా నున్నదా, అను సందేహములు ప్రభుత్వమునకు తరచుగా కలిగినవి. 2010 జనవరిలో వెలువడిన ఆదేశము యజమానికి ఉద్యోగిపై గల అధికారమును నిరూపింపుమని కోరెను. 2018 ఫిబ్రవరి నాటి ఆదేశము క్లయింటు వద్దనున్న పనికి తేదీలవారీ వివరములు కోరెను. క్లయింటు లేఖ దొరకక ఎందరివో అర్జీలు చిక్కుపడినవి. ఐ.టి. సంస్థల సంఘమొకటి వేసిన వ్యాజ్యమున 2020 మార్చిలో వాషింగ్టన్ డి.సి. జిల్లా న్యాయస్థానము ఈ కోరికలు చట్టమును మించినవని తీర్పు చెప్పగా, ఆ యేడే జూనులో ఆ రెండు ఆదేశములును ఉపసంహరింపబడెను. అయినను ఉద్యోగము ఊహాజనితము కాదని నిరూపించు భారము నేటికిని యజమానిపై నున్నది.

పనిచోటు మారినను మరియొక చిక్కు కలదు. ఒకే యజమాని కొలువున నుండియే, ఎల్.సి.ఎ.లో పేర్కొన్న మహానగర ప్రాంతమును దాటి వేరొక చోటికి ఉద్యోగి బదిలీయైనచో, యజమాని సవరణ అర్జీ దాఖలు చేయవలెనని 2015 ఏప్రిల్‌లో సిమియో సొల్యూషన్స్ వివాదమున వెలువడిన నిర్ణయము స్పష్టపరచెను. డాలస్‌లో పనికై మంజూరైనవాడు సవరణ లేక న్యూజెర్సీలో పనిచేసి యున్నచో, తరువాతి యజమాని అర్జీ వేళ ఆ పూర్వపు లోపము బయటపడును.

బెంచ్‌పై నున్న కాలమునకును జీతము చెల్లింపవలసిన బాధ్యత యజమానిదే. దానిని ఎగవేసినచో ఉద్యోగి డబ్ల్యు.హెచ్.-4 అను ఫారముపై, ఉల్లంఘన జరిగిన 12 నెలలలోపల, కార్మిక శాఖవారి వేతన విభాగమునకు ఫిర్యాదు చేయవచ్చును. ఆంధ్ర దేశపు కన్సల్టెన్సీ వ్యవస్థ ప్రపంచమంతటను ఎట్లు వ్యాపించెనో, పని లేని కాలపు నష్టము ఎట్లు చివరకు ఉద్యోగి నెత్తిన పడునో, శ్యాంగ్ బియావ్ అను మానవశాస్త్రవేత్త సిడ్నీలోను హైదరాబాదులోను పరిశీలించి 2007లో గ్రంథస్థము చేసెను. యజమాని మార్పు హక్కు ఆ నష్టమునకు విరుగుడుగా పనిచేయగల మార్గములలో ఒకటి.

ఉద్యోగము పోయిన పిమ్మట

2017 జనవరి 17న అమలులోనికి వచ్చిన నిబంధన ప్రకారము, ఉద్యోగము ముగిసిన హెచ్-1బి ఉద్యోగికి గరిష్ఠముగా 60 దినముల గడువు లభించును. ఐ-94 తేదీ అంతకుముందే ముగిసినచో గడువు కూడ అంతటితోనే ముగియును. ఒక మంజూరు కాలమున ఈ గడువు ఒక్కసారి మాత్రమే వర్తించును. ఆ దినములలో పనిచేయరాదు. సాధారణముగా వేతనము చెల్లింపబడిన చివరి దినమునకు మరుసటి నాటినుండి లెక్క ఆరంభమగును. ఈ గడువులోపల కొత్త యజమాని అర్జీ దాఖలైనచో మార్పు హక్కు అక్కరకు వచ్చును. లేనిచో వేరొక తరగతికి మారుటకు అర్జీ పెట్టుటయో, దేశము విడుచుటయో చేయవలెను. కాలము ముగియకమునుపే యజమాని తొలగించినచో స్వదేశమునకు తిరుగు ప్రయాణపు ఖర్చు అతడే భరింపవలెను. ఉద్యోగి తానై రాజీనామా నిచ్చినచో ఈ నియమము వర్తింపదు.

2022 చివరనుండి పెద్ద సాంకేతిక సంస్థలు వేలకొలదిగా ఉద్యోగులను తొలగించినప్పుడు ఈ 60 దినముల విలువ సర్వులకును తెలిసివచ్చినది. ఇంటర్వ్యూలకు, జీతపు బేరమునకు, ఎల్.సి.ఎ.కు, అర్జీకి కలిపి ఆ గడువు మిక్కిలి స్వల్పము. బడిలో చదువుచున్న పిల్లలు, ఇంటి ఒప్పందము, భార్యాభర్తలలో రెండవవారి హెచ్-4 అనుమతి, 2015 నుండి కొందరు హెచ్-4 వారికి లభించిన పని అధికారము, ఇవన్నియు ఆ ఒక్క ఉద్యోగముపై ఆధారపడి యుండును.

వరుస అర్జీలు

ఒక అర్జీ తీర్పునకు రాకమునుపే ఉద్యోగి మరియొక యజమానికి మారవచ్చును. "క" సంస్థనుండి "ఖ" సంస్థకు రశీదుపై వెళ్లినవాడు, "ఖ" అర్జీ విచారణలో నుండగనే "గ" సంస్థకు మారెననుకొందము. తొలి ఐ-94 గడువు ఇంకను మిగిలియున్నచో "గ" అర్జీ తన బలముపై తాను నిలువగలదు. ఆ గడువు ముగిసియున్నచో "గ" అర్జీ "ఖ" అర్జీ అను వంతెనపై నిలిచియుండును. "ఖ" అర్జీ తిరస్కృతమైనను, ఉపసంహరింపబడినను, "గ" అర్జీలోని నివాస పొడిగింపు కూడ కూలిపోవును. విడిచివచ్చిన యజమాని కోపముతో అర్జీని వెనుకకు తీసికొనుట అరుదు కాదు గనుక, ఈ అంశమును లెక్కించియే అడుగు వేయవలెను.

గ్రీన్ కార్డు నిరీక్షణము

ఉద్యోగ ప్రాతిపదికపై నిచ్చు శాశ్వత నివాస అనుమతులలో, అనగా గ్రీన్ కార్డులలో, ఏ యొక్క దేశమునకును 7 శాతమునకు మించి దక్కరాదను నియమమువలన భారతీయుల వరుస దశాబ్దములకు సాగినది. ఆరేండ్ల పరిమితి ఇట్టివారిని వెళ్లగొట్టకుండ ఎ.సి.21 చట్టమే ఉపాయము కల్పించెను: గ్రీన్ కార్డుకై యజమాని పెట్టు ఐ-140 అర్జీ మంజూరై, వరుస రానందున నిలిచియున్నవానికి మూడేండ్ల చొప్పున పొడిగింపు, ఆ దశకు చేరక, ఐ-140కు ముందు కార్మిక శాఖనుండి పొందు కార్మిక ధ్రువీకరణముగాని, ఐ-140గాని దాఖలై 365 దినములు గడచినవానికి ఏడాది చొప్పున పొడిగింపు. ఐ-140 మంజూరై 180 దినములు గడచినపిమ్మట పాత యజమాని దానిని ఉపసంహరించినను, ఆ కారణముచేతనే అది రద్దు కాదు. కొత్త యజమాని సాధారణముగా కార్మిక ధ్రువీకరణమును, ఐ-140ను మొదటినుండి మరల చేయింపవలసియున్నను, వరుసలో ఉద్యోగికి దక్కిన తొలి తేదీ అతనికే నిలుచును. చివరి దశయైన ఐ-485 దాఖలై 180 దినములు గడచినవాడు, అదే విధమైన లేక సన్నిహితమైన వృత్తిలో, కొత్త ఐ-140 లేకుండగనే మారవచ్చును.

వీసా ముద్రయు ప్రయాణమును

యజమాని మారినంతమాత్రమున పాస్‌పోర్టులోని వీసా ముద్ర చెల్లనిది కాదు. గడువున్న ముద్రయు, కొత్త యజమాని పేరనున్న మంజూరు పత్రమును చూపి తిరిగి ప్రవేశింపవచ్చును. గడువు తీరినచో స్వదేశమున స్టాంపింగు చేయించుకొనవలెను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశా రాష్ట్రములవారికి సంబంధించిన అమెరికా కాన్సులేటు 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో ఆరంభమై, 2023 మార్చిలో నానక్‌రామ్‌గూడలోని సొంత భవనమునకు మారెను.

2025 సెప్టెంబరు 19వ తేదీన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ వెలువరించిన ప్రకటన కొత్త హెచ్-1బి అర్జీలకు 1,00,000 డాలర్ల చెల్లింపును విధించెను. దేశములోపలనే యుండి, పొడిగింపుతో యజమాని మార్పు మంజూరు పొందువారికి ఇది వర్తింపదని వలస సేవల సంస్థ ఆ యేడే అక్టోబరులో వివరించెను. నివాసస్థితి చెడినందున పొడిగింపు నిరాకరింపబడినచో ఈ రక్ష తొలగును. నిరంతరాయముగా సక్రమస్థితిలో నుండుటకు గల విలువ దీనితో మునుపటికన్న పెరిగినది.

ఇతర దేశముల పద్ధతులు

బ్రిటనులో స్కిల్డ్ వర్కర్ అనుమతి గలవాడు కొత్త స్పాన్సరునుండి ధ్రువపత్రము పొంది, కొత్త అర్జీ మంజూరైన పిమ్మటనే ఆ ఉద్యోగమున చేరవలెను. సింగపూరులోను ముందుగా కొత్త పాస్ మంజూరు కావలెను. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి ఉద్యోగము విడిచినవారి గడువును 60 దినములనుండి 180 దినములకు పెంచెను. గల్ఫ్ దేశములలో కఫాలా పద్ధతి ప్రకారము పాత యజమాని సమ్మతిపత్రము లేక మారుట అసాధ్యముగ నుండెను. జగిత్యాల, నిజామాబాదు, కరీంనగరు, కడప ప్రాంతముల శ్రామికులు ఆ కష్టమును తరతరములుగా అనుభవించిరి. ఖతర్ 2020లో ఆ సమ్మతిపత్రపు నియమమును తొలగించెను. సౌదీ అరేబియా 2021 మార్చి 14 నుండి, ఏడాది పని పూర్తిచేసినవారు నిర్ణీత షరతులపై మారుటకు వీలు కల్పించెను. కాని ఇంటిపనివారు, డ్రైవర్లు, గొఱ్ఱెల కాపరులు ఆ సంస్కరణ పరిధిలో చేరలేదు. అందరికన్న దుర్బలులైనవారే వెలుపల మిగులుట శోచనీయము.

సమీక్ష

శ్రామికుడు విడిచి వెళ్లగలిగినప్పుడే యజమాని జీతమును, గౌరవమును సక్రమముగా నిచ్చుననుట ఈ చరిత్ర అంతయు నిరూపించుచున్నది. 2000 నాటి చట్టము ఆ శక్తిని హెచ్-1బి ఉద్యోగికి చాలవరకు ప్రసాదించెను. కాని ఆ శక్తి ఒక యజమానినుండి మరియొక యజమానికి మారుటవరకే పరిమితము. ఏ యజమానియు లేక, రెండు మాసములకు మించి, ఆ దేశమున నిలుచుటకు అది చాలదు. ఆరేండ్లకై ఉద్దేశింపబడిన తాత్కాలిక అనుమతిపై ఇరువదేండ్లు గడుపువారికి ఈ పరిమితి న్యాయము కాదు. గడువును పెంచుటయు, దేశముల వారీ నియమమును సడలించుటయు అమెరికా శాసనసభ చేయవలసిన పనులు. అంతవరకు ఉద్యోగి చేతిలోనున్నవి ఎల్.సి.ఎ. ప్రతి, వరుస తప్పని పే స్టబ్‌లు, ప్రతి మంజూరు పత్రము, ఐ-140 సంఖ్య. యజమాని ఇచ్చునని వేచియుండక, కొలువులో చేరిన నాటినుండియే వీనిని అడిగి తీసికొని భద్రపరచుకొనుట ఉద్యోగి ధర్మము, అతని హక్కు కూడ.